బెంగ తీర్చే మట్టి

మా మావగారు భయపడటం మానేశారని నాకు రూఢిగా తెలిసింది ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. డాబా మీద నీళ్ళ మోటారు ఆగిపోయింది. ఆయన చెప్పుల్లేకుండా పాదాలు మునిగే నీళ్ళలో నిలబడి, మోటారు వైరు తొక్కను పళ్ళతో లాగుతున్నారు. ఆరేసిన బట్టల కోసం పైకెళ్ళిన నేను బుట్ట అక్కడే పడేసి, కిందికి పరుగెత్తి మెయిన్ కట్టేశాను. రొప్పుతూ మళ్ళీ పైకి వచ్చాను.

"ఏమైందమ్మాయ్, అంత ఆయాసపడతన్నావు?" అన్నారు తీరిగ్గా.

"ఇప్పటిదాకా ఆ వైర్లో కరెంటుంది మావయ్యగారూ."

"తెలుసు. అందుకేగా తొక్క మాత్రమే పట్టుకున్నాను."

ఇంకెవరైనా అయితే నాలుగు చివాట్లు పెట్టి ఊరుకునేదాన్ని. కాని మా మావగారు అబ్బులుగారు కరెంటాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు చేసిన మనిషి. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ కట్టేసి, టెస్టరుతో మూడుసార్లు చూసి, నన్ను మెయిన్ దగ్గర కాపలా పెట్టి, అప్పుడు స్టూలెక్కేవారు. ఆ జాగ్రత్త ఉద్యోగం నేర్పింది కాదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, సబ్‌స్టేషన్‌లో లైనుకు కరెంటు కట్టించాక, ఐదు నిమిషాల పనే కదా అని తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించకుండానే సింహాచలం అనే లైన్‌మన్‌ని ఈయనే స్తంభం ఎక్కించారట. సరిగ్గా అప్పుడే ఎవరో దుకాణంవాళ్ళు జనరేటరు వేశారు. ఆ కరెంటు వెనక్కి ఎక్కి లైన్లోకి వచ్చింది. రాడ్లు ఉంటే అది భూమిలోకి పోయేది. సింహాచలం ప్రాణంతో దిగలేదు.

అప్పటినుంచి ఆయనకు కంటినిండా నిద్ర లేదు. రాత్రికి నాలుగైదుసార్లు లేచి గ్యాసు స్టవ్వు, ఫ్రిజ్ ప్లగ్గు, మోటారు స్విచ్చి తడిమి చూసుకునేవారు. అన్నం కలుపుకునేటప్పుడు కూడా చేతులు వణికేవి. మాత్రలు వేసుకుంటే పగలంతా మత్తుగా గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఆ మనిషిలోంచి భయాన్ని తీసేసింది నేనే. అందుకే ఆ మంగళవారం నేనెవరినీ తిట్టలేకపోయాను.

నేను మట్టి మీద పనిచేసే శాస్త్రజ్ఞురాలిని. కాకినాడ శివార్లలో ఒక చిన్న పరిశోధన కేంద్రం మాది. అక్కడ నాలుగో నంబరు షెడ్డులో ట్రేలకు మట్టి నింపే ఆడవాళ్ళు రోజంతా పాడుకుంటూ ఉండేవాళ్ళు. మిగతా షెడ్లలో వారానికొక తగవు. ఇక్కడ మాత్రం ఎవరికీ ఎవరిమీదా కోపం రాదు. నీడపట్టు పని కదా అని మొదట నవ్వుకున్నాం. తర్వాత మా ల్యాబులో ఎలుకల్ని చూసుకునే రజియా ఊరికే ఉండలేక ఆ మట్టిని ఎలుకల బోనుల్లో పరిచింది. మామూలు ఎలుకను పెద్ద పెట్టెలో వదిలితే గోడవారనే నక్కుతుంది. ఈ ఎలుకలు పెట్టె నడిమధ్యకు వచ్చి కూర్చుని మొహం తుడుచుకున్నాయి.

వెతగ్గా వెతగ్గా ఆ మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. దానికి పదిహేడు అని నంబరు వేశాం. చేతి చర్మం ద్వారా, శ్వాస ద్వారా ఒంట్లో చేరి, మెదడులో బెంగ పుట్టే చోటును జోకొడుతుంది. మింగే మందు కాదు, వంకాయలు పండించుకుంటే చాలు. మా డైరెక్టరుగారు సంబరపడిపోయారు. మనుషుల మీద పరీక్షకు అనుమతి రావడానికి మాత్రం రెండేళ్ళు పడుతుందన్నారు.

రెండేళ్ళు ఆగే ఓపిక నాకు లేకపోయింది. నవంబరులో ఎవరికీ చెప్పకుండా నాలుగు బస్తాల మట్టి కారులో వేసుకొచ్చాను. డాబా మీద కూరగాయలు వేద్దాం, కాస్త చెయ్యేయండి అని మావగారినడిగాను. అది ఏం మట్టో చెప్పలేదు. నేను మాత్రం గ్లౌజులు, మాస్కు వేసుకునేదాన్ని, నాకు మట్టి పడదని చెప్పి.

"మట్టి డాక్టరుకి మట్టి పడదంట. ఇంకా నయం, మా ఇంటి అన్నం పడతంది" అంది మా అత్తయ్య మాణిక్యమ్మ. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కి పైకి రాలేదు. మా ఆయన ఓడలో ఇంజనీరు, ఆ ఆరునెలలూ సముద్రం మీదే ఉన్నారు. డాబా మొత్తం మావగారి రాజ్యం.

మొదటి మూడు వారాలు ఆయన ప్రతి మొక్కకూ బెంగపడ్డారు. నర్సరీ నుంచి పూతతో తెచ్చిన ఆనపపాదుకు పిందె పడితే నేను వేలు చూపించబోయాను. పిందెను వేలు పెట్టి చూపిస్తే కుళ్ళిపోతుందని నా వేలు పట్టుకుని మడిచేశారు. వాన పడితే గొడుగు పట్టుకుని మిరపనారు దగ్గర నిలబడ్డారు. ఆ తర్వాత నెమ్మదిగా ఆ మొహంలో ఏదో తేట వచ్చింది. తెల్లారగానే పైకెళ్ళి, గోరు తగిలితే చాలు టప్పున విరిగే లేత బెండకాయలు లుంగీ మడతలో వేసుకొచ్చేవారు. సాయంత్రం బీరపూలు విచ్చే వేళకు మగపువ్వు తుంచి ఆడపువ్వులకు అద్దుతూ, పెళ్ళిళ్ళ పేరయ్యలా ఒక్కో జంటకూ పేర్లు పెట్టేవారు. టమాటా ఆకులు రుద్దిన వేళ్ళు వాసన చూసుకుంటూ పావుగంట అలాగే కూర్చునేవారు. ఆనపకాయ పెరుగుదలను జానతో కొలిచి, నిన్నటికీ ఇవాళ్టికీ బెత్తెడు తేడా అని కిందికి కేకేసేవారు. తొలికాపు వంకాయలు గుత్తివంకాయ చేయించి వీధిలో ఆరిళ్ళకు పంపారు.

సంక్రాంతి దాటాక ఒకరోజు అత్తయ్య వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది.

"మీ మావయ్య రాత్రంతా ఒక్కసారి లెగలేదే. పోయేడేమోనని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేను" అంది. నవ్వుతూ ఏడ్చింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

ఆ గర్వంలో నేను కొన్ని చూడలేదు. మార్చిలో బీరపిందెను నేను పొరపాటున వేలు పెట్టి చూపిస్తే ఆయనేమీ అనలేదు. బెండకు పిండినల్లి పడితే, దానికీ ఆకలుంటుంది కదా అన్నారు. ముచ్చటపడ్డానే తప్ప అనుమానపడలేదు. మోటారు దగ్గర ఆయన్ని చూసిన రోజునే అవన్నీ ఒక వరసలో గుర్తుకొచ్చాయి.

బుధవారం పొద్దున్నే ల్యాబుకెళ్ళి రజియాను కూర్చోబెట్టాను. మేం ఇన్నాళ్ళూ ఎలుకకు దిగులు తగ్గిందా లేదా అన్నదే చూశాం. భయపడాల్సిన చోట భయపడుతోందా అని ఒక్కసారీ చూడలేదు. పెట్టెలో ఒక రేకు పెట్టి, దానికి కొద్దిగా కరెంటిచ్చి, అవతల వేరుశనగ గింజలు పోశాం. మామూలు ఎలుక ఒకసారి షాక్ తిని మూలకు పోయి మళ్ళీ రాలేదు. మా మట్టిలో పెరిగిన ఎలుక షాక్ తింది, కీచుమంది, వెనక్కి వెళ్ళింది, కాళ్ళు నాక్కుంది. మళ్ళీ రేకు అంచు దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, ఎక్కింది. మళ్ళీ కీచుమంది.

"మర్చిపోవడం కాదు మేడమ్" అంది రజియా. "ఆగింది చూడండి. తెలిసే ఎక్కుతోంది."

పదమూడుసార్లు ఎక్కింది. పద్నాలుగోసారి నేనే స్విచ్చి కట్టేశాను. రజియా తన నోటుపుస్తకం తీసింది. జనవరిలో మట్టి అయిపోయి ఎలుకల్ని మామూలు మట్టిలో ఉంచినప్పుడు, తొమ్మిదో రోజుకూ పన్నెండో రోజుకూ మధ్య అవి మళ్ళీ గోడవారకు చేరాయని రాసి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. భయం తిరిగి వస్తుంది. అలా వస్తుందని ఒక మనిషి సంతోషపడాల్సి రావడం ఎంత విడ్డూరం!

ఇంటికొచ్చి అత్తయ్యకు అంతా చెప్పేశాను. మట్టి సంగతి, దొంగతనంగా తెచ్చిన సంగతి, మోటారు సంగతి. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"తీసెయ్యకే" అంది చివరికి. "నేను కనిపెట్టుకునుంటాను. మోటారు జోలికి పోనివ్వను."

"ఇరవైనాలుగ్గంటలూ కనిపెట్టలేరు అత్తయ్యా. రోడ్డు దాటుతారు. స్టవ్వు వెలిగిస్తారు. చాతీలో నొప్పొచ్చినా చెప్పరు."

ఆవిడ ఇంకో కాయ ఈనె తీసి పళ్ళెంలో పడేసింది. "ఇరవై రెండేళ్ళు పడ్డాను" అంది. "ఆర్నెల్లు సెలవిచ్చేవనుకుంటాలే."

మావగారికి చెప్పడం తేలికైపోయింది, అదే నాకు ఎక్కువ భయం పుట్టించింది. నన్నాయన కోప్పడి ఉంటే బాగుండేది. అలాగా అని విని, మంచి మట్టే తెచ్చావన్నారు. పెళ్ళిళ్ళకు వాడే పెద్ద గంగాళం డాబా మీద పొయ్యి మీద పెట్టి, నాలుగు బస్తాల మట్టినీ విడతలు విడతలుగా నీళ్ళు పోసి ఉడకబెట్టాం. కాపు మీదున్న వంకమొక్కల్ని నేనే పీకాను. ఆయన వాటివైపు చూసి, పోనీలెద్దూ అన్నారు. ఎవరికైనా బస్తా పంచిపెట్టారా అని అడిగాను. లేదన్నారు. తెచ్చిన నాలుగూ లెక్క సరిపోయాయి కదా అని నేనూ ఊరుకున్నాను. శాస్త్రజ్ఞురాలిని కదా, బస్తాలు లెక్కపెట్టుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున నేను టిఫిను చేస్తుంటే మావగారు వంటింట్లోకి వచ్చి స్టవ్వు నాబు తడిమారు. కట్టేసే ఉంది. మళ్ళీ తడిమారు. చేతులు వణుకుతున్నాయి. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

"అమ్మాయ్" అన్నారాయన. "నేను నారిచ్చేను. ఫిబ్రవరిలో. మా కరెంటు సెక్షనాఫీసోళ్ళకి."

"నారేగా మావయ్యగారూ."

"ఉత్తి నారు ఎలాగిస్తామమ్మా? కొత్తచోట బెంగపెట్టుకోదూ? మొక్కకి పిడికెడు చొప్పున మన మట్టి పెట్టి ఇచ్చేను. యాభై మొక్కలు. ఆఫీసెనకాల డ్రమ్ములు కోసి వేసుకున్నారు. ఇన్నాళ్ళూ ఇది చెప్పాల్సిన మాటని నాకు తట్టనే లేదు."

పుట్టినచోటి మట్టి కొంచెమైనా లేకుండా నారు ఇవ్వకూడదన్నది కడియం నర్సరీలవాళ్ళ నుంచి మా అత్తయ్య దాకా అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. ఆ సూక్ష్మజీవి పిడికెడు మట్టిలోంచి డ్రమ్ము నిండా పాకడానికి మూడు వారాలు చాలన్నది మాత్రం నా ఒక్కదానికే తెలుసు. అదే సమయంలో టీవీలో తుఫాను ఎల్లుండి తీరం దాటుతుందని చెబుతున్నారు.

సెక్షనాఫీసు వెనక తోట చూస్తే కళ్ళు చెదిరాయి. నీలం డ్రమ్ముల్లో నిగనిగలాడే వంకాయలు, విరగకాసిన టమాటాలు. తొమ్మిదిమంది లైన్‌మన్లు టీ తాగుతూ మట్టిలో వేళ్ళు పెట్టి కలుపు తీస్తున్నారు. నేను దాచకుండా చెప్పాను. మీ అందరికీ భయం పోయింది, అది మళ్ళీ రావడానికి పన్నెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా స్తంభాలెక్కొద్దు అన్నాను. వాళ్ళలో పెద్దవాడు నూకరాజు శ్రద్ధగా విన్నాడు.

"అలాగేనండి మేడమ్. జాగర్తగా ఉంటామండి" అన్నాడు, చిరునవ్వుతో. మిగతావాళ్ళూ అలాగేనండి అన్నారు. డ్రమ్ములు తీసెయ్యమంటే వాళ్ళే మోసి లారీకెత్తారు, ఆ మట్టినీ మా గంగాళంలోనే ఉడకబెట్టాం. ఒక్కరు కూడా, మరి మాకేమన్నా అవుతుందా అని అడగలేదు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ భయపెట్టలేదు.

ఆ సెక్షనుకు ఇంజనీరైన ఏఈ గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "తుఫానొస్తోంది మేడమ్. లైన్‌మన్లను ఇంట్లో కూర్చోబెట్టి ఊరిని చీకట్లో పెట్టమంటారా? కాగితమేదైనా ఉందా?" అన్నారు. కాగితం లేదు. మా డైరెక్టరుగారికి ఫోన్ చేస్తే, తొందరపడొద్దు, వారం ఆగితే నెమ్మదిగా చూద్దాం అన్నారు. నేనే కూర్చుని చేసిందంతా రాసి, సంతకం పెట్టి, ఆరోగ్య శాఖకూ కరెంటాఫీసుకూ మా డైరెక్టరుకూ పంపాను. మర్నాడే నన్ను ఉద్యోగంలోంచి పక్కన పెట్టినట్టు ఉత్తరం వచ్చింది. లైన్‌మన్ల విషయం పరిశీలిస్తున్నామన్న జవాబు కూడా వచ్చింది. పరిశీలన ఎన్నాళ్ళో అందులో లేదు.

తుఫాను శుక్రవారం తెల్లవారుజామున తీరం దాటింది. ఆ ఒక్క సెక్షన్లోనే అరవై స్తంభాలు పడ్డాయి. ఏడు గంటలకల్లా మావగారు ఖాకీ చొక్కా వేసుకుని వరండాలో నిలబడ్డారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాక అత్తయ్య పెడుతోంది.

"అరవై ఎనిమిదేళ్ళొచ్చేయి, ఎక్కడికీ?" అంది ఆవిడ.

"వాళ్ళకి భయం లేదు మాణిక్యం. నా దగ్గరుంది. వాళ్ళ వాటా కూడా నేనే పడతాను."

ఏఈ గారికి మనుషులు చాలడం లేదు. పాత లైన్ ఇన్‌స్పెక్టరు ఊరికే సాయం చేస్తానంటే వద్దనలేదు. ఆ రోజునుంచి నేను కారు నడపడం, ఆయన నూకరాజు బృందం వెంట తిరగడం. మిగతా బృందాలను కూడా వరసగా ఆయన దగ్గరికే వచ్చి వెళ్ళేలా ఏఈ గారిని బతిమాలి ఒప్పించారు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను కట్టించేది ఆయనే. మళ్ళీ ఫోన్ చేసి నిజంగా కట్టారా అని అడిగేది ఆయనే. వణికే చేతుల్తో ఎర్త్ రాడ్లు మూడు తీగలకూ తగిలించేది ఆయనే. ఆ పైన చుట్టుపక్కల జనరేటరున్న ప్రతి ఇంటికీ వెళ్ళి దండం పెట్టి ఆపించేవారు. లైన్‌మన్లు ఆయన్ని ప్రేమగా ఆటపట్టించేవారు. ఆయన పట్టించుకోలేదు. మధ్యాహ్నం అన్నం ముందు పెడితే నాలుగు మెతుకులు తినేవారు. పనయ్యాక నడిచి వస్తుంటే చొక్కా మొత్తం చెమట.

డ్రమ్ములు తీసేసిన ఐదో రోజున కల్యాణ మండపం పక్క వీధిలో, రాడ్లు తగిలించకముందే నూకరాజు స్తంభం మీద కాలు పెట్టాడు. మావగారు ఆ కాలిని రెండు చేతులా వాటేసుకుని కింద కూర్చుండిపోయారు.

"లైను కట్టేరు కదండీ ఇన్‌స్పెక్టరుగారూ, వదలండి" అన్నాడు నూకరాజు నవ్వుతూ.

"వదల్ను. ముందు రాడ్లు."

రాడ్లు తగిలించారు. రెండు నిమిషాలు కూడా కాలేదు. మండపంలో ఎవరో జనరేటరు వేశారు. రాడ్డు కొస దగ్గర ఫట్‌మని నీలంగా మెరిసింది. నూకరాజు తల పైకెత్తి చూసి, నేనిప్పుడు అక్కడుందును కదా అన్నాడు, బస్సు తప్పిపోయినంత మామూలుగా. పక్కవాడు బీడీ వెలిగించుకున్నాడు. అక్కడున్న ఆరుగురిలో వణికింది మేమిద్దరమే.

ఆ తర్వాతి రోజుల్లో నేను క్యాలెండరు తప్ప ఇంకేమీ చూడలేదు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో రోజు గడిచింది, ఏ మార్పూ లేదు. ఎలుకకూ మనిషికీ లెక్క ఒకటే అవుతుందని ఎక్కడుంది? మావగారికి అయిందని తొమ్మిదిమందికీ అవుతుందా? పదో రోజు ఆయన నడుస్తూ నడుస్తూ తూలి పడబోతే పట్టుకున్నాను. ఇవాళ వద్దు, ఇంటికి పోదామన్నాను. ఇంకెన్ని స్తంభాలున్నాయని మాత్రం అడిగారు.

పదకొండో రోజు పొద్దున పదిన్నరకు, చేపల మార్కెట్టు వెనక, రాడ్లన్నీ తగిలించాక నూకరాజు స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దాకా ఎక్కి ఆగాడు. కిందికి చూశాడు. స్తంభాన్ని చేతుల్తో కావలించుకున్నాడు.

"ఇన్‌స్పెక్టరుగారూ" అన్నాడు. "రాడ్లు సరిగ్గా ఉన్నాయాండి?"

"ఉన్నాయి నాయనా."

"ఇంకోసారి చూత్తారాండి? నాకు కాళ్ళొణుకుతున్నాయండి. ఎందుకో... పిల్లలు గుర్తొత్తున్నారండి."

మావగారు ఇంకోసారి చూశారు. మూడు తీగల దగ్గరా చూశారు. అప్పుడు దిగు నాయనా, దిగి నువ్వే చూసుకుని ఎక్కు అన్నారు. నూకరాజు దిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఆ మండపం దగ్గర మెరిసిన మెరుపు ఇప్పుడే చూసినట్టు భోరుమన్నాడు. ఆ సాయంత్రానికి ఇంకో నలుగురు, మర్నాటికి మిగతా అందరూ భయపడ్డారు. ఒకడు సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి పోయాడు. ఏఈ గారు దాన్ని చించకుండా తీసుకున్నారు. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది.

మర్నాడు సాయంత్రం మావగారిని కారులో ఇంటికి తీసుకొస్తున్నాను. ఆయన సీటు బెల్టు పెట్టుకున్నారు, తీసి మళ్ళీ పెట్టుకున్నారు. ఒడిలో చేతులు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. తొమ్మిదిమందీ క్షేమమని ఆయనతో అన్నాను. ఔనన్నట్టు తలూపారు. ఆ మొహంలో డిసెంబరులో వచ్చిన తేట ఎక్కడా లేదు.

"అమ్మాయ్" అన్నారు కొంతదూరం పోయాక. "ఆ మట్టింకేమన్నా మిగిలిందా?"

మా ల్యాబులో, సీలు వేసిన గదిలో, ఒక సీసాడు ఉంది.

"లేదు మావయ్యగారూ. అంతా ఉడకబెట్టేశాం కదా."

"మంచిదే" అన్నారు. "ఉండకూడదు."

రైల్వే గేటు వేసి ఉంది. కారాపాను. గూడ్సు బండి వెళుతోంది, చాలా పొడుగు బండి. అది వెళ్ళేదాకా ఆయన కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు.

"గుప్పెడు కూడానా?" అన్నారు.